మూడు మాటల దగ్గర ఆగిపోయిన చెల్లెమ్మకు

ఈసారి ఉత్తరం జడ్చర్ల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. తల్లి చెప్తుంటే డిగ్రీ చదివే బిడ్డ రాసిపెట్టింది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అక్కా, వందనాలు. నాకు సంతకం పెట్టుడు వరకే వస్తది, అందుకే బిడ్డతోటి రాయిస్తున్న. మేము యేసయ్యను నమ్ముకొని పదేండ్లయింది. మా ఇంటాయన బొంబాయి సైడు బిల్డింగ్ పనికి పోయి ఎనిమిది నెలలు. ముందు వారానికోసారి ఫోన్ చేసేటోడు. రెండు నెలల సంది ఫోన్ లేదు, పైసలు లేవు. పోయిన శుక్రవారం ఉపవాస కూడికల ఒక్కొక్కరు ప్రార్థన చేయాలన్నరు. నా వంతు వచ్చింది. 'దేవా, మా ఇంటాయన...' అన్న, అంతే. గొంతు పట్టుకున్నది. ఏడుపొచ్చింది. వెనుక ఎవరో నవ్విండ్రు. కూడిక అయినంక ఒక పెద్దమనిషి పిలిచి, 'ప్రార్థనావరం అందరికి ఉండదమ్మా. నీ విన్నపం చీటీ మీద రాయించి కవర్ల పెట్టియ్యి, అయ్యగారు చేస్తరు. యాజకుని నోట వచ్చిన ప్రార్థనే దేవుని దగ్గరికి పోతది' అన్నడు. కవర్ల ఏమన్న పెట్టాలె గద. దానికి ఇబ్బందే. అయినా నా బాధ అది కాదక్కా. పదేండ్ల సంది పొద్దుగాల పొయ్యి కాడ కూసోని నేను చెప్పుకునేదంతా మరి ఎటు పోయినట్టు?"

చెల్లెమ్మా, ముందు ఆ చివరి మాటకే జవాబు చెప్తాను. ఎటూ పోలేదు.

ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయం ఎనిమిదో వచనం మీ బిడ్డతో చదివించుకోండి. పరలోకంలో గొర్రెపిల్ల అయిన యేసు ఎదుట ఇరవై నలుగురు పెద్దలు సాగిలపడి ఉంటారు. వాళ్ల చేతుల్లో బంగారు పాత్రలు. వాటి నిండా ధూపద్రవ్యం. ఆ ధూపం ఏమిటని మనం తలలు పట్టుకునే పని లేకుండా యోహానే చెప్పేశాడు, అవి పరిశుద్ధుల ప్రార్థనలని. పరిశుద్ధులంటే గోడ మీద పటాల్లో ఉండేవాళ్లే అనుకోకండి. పౌలు కొరింథుకు, ఫిలిప్పీకి ఉత్తరాలు రాసినప్పుడు అక్కడి మామూలు విశ్వాసులందరినీ ఆ పేరుతోనే పిలిచాడు. వాళ్లలో దాసులున్నారు, మీలాగే నలుగురిలో నోరు తెరవడానికి భయపడేవాళ్లూ ఉండే ఉంటారు. పదేళ్లుగా మీరు పొయ్యి దగ్గర చెప్పుకున్నది ఆ పాత్రల్లో ఉంది. అందులో ఒక్క పొద్దు మాట కూడా నేలపాలు కాలేదు.

ఇక ఆ నవ్వు సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు హన్నా కళ్లముందు కదిలింది. కథ మీకు తెలిసే ఉంటుంది. అయినా మొదటి సమూయేలు మొదటి రెండు అధ్యాయాలు ఈసారి నిదానంగా వినండి. ప్రసంగాల్లో 'హన్నా ప్రార్థించింది, సమూయేలు పుట్టాడు' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మధ్యలో జరిగిందే మీకు కావలసింది.

హన్నాకు పిల్లలు లేరు. సవతి పెనిన్నా ఏటేటా ఆమెను సూటిపోటి మాటలతో పొడుస్తూనే ఉంటుంది. పండక్కి దేవుని మందిరం ఉన్న షిలోహుకు పోయినప్పుడల్లా అదే బాధ, అన్నం సహించదు. ఒక ఏడు అందరి తిండి అయిపోయాక హన్నా లేచి మందిరానికి పోయింది. ఏలీ అనే యాజకుడు గుమ్మం దగ్గర ఆసనం మీద కూర్చొని ఉన్నాడు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తూ లోపల్లోపలే చెప్పుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. ఏలీ ఆమె నోటినే చూస్తున్నాడు. చూసి ఏమనుకున్నాడు? తాగి వచ్చిందనుకున్నాడు. 'ఎంతసేపు ఈ మత్తు, ద్రాక్షారసం మానుకో' అన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. అక్కడ ఆయనే పెద్ద. మందిరం నియమాలన్నీ ఎరిగినవాడు, ఏళ్ల తరబడి ప్రజల ప్రార్థనలు చూసినవాడు. అలాంటివాడికి కూడా కళ్లముందు జరుగుతున్నది ప్రార్థన అని తెలియలేదు. మీ వెనక నవ్విన మనిషికి తెలియకపోవడంలో వింత లేదు.

హన్నా కోప్పడలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. 'నా యేలినవాడా, అది కాదు, నేను మనోదుఃఖంతో ఉన్నాను. నా ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నాను' అంది. నన్ను పనికిమాలినదాన్ని అనుకోవద్దని కూడా చెప్పింది. కుమ్మరించడం అనే మాట చూడండి. నిండు బిందె బోర్లిస్తే నీళ్లు ఎలా వస్తాయి? భళ్లున పడతాయి, పక్కలకు చింది చీరంతా తడుస్తుంది, కొన్ని ఆగి ఆగి వస్తాయి. ఇంత ధార, ఇంత వరస అని ఏముంటుంది దానికి? విలాపవాక్యాలు రెండో అధ్యాయంలోనూ అదే మాట ఉంది, నీళ్లు కుమ్మరించినట్టు ప్రభువు సన్నిధిలో నీ హృదయాన్ని కుమ్మరించు అని. శుక్రవారం నాడు మీ బిందె బోర్లపడింది. మూడు మాటలు బయటికి వచ్చాయి, మిగతాది కన్నీళ్లయింది.

ఆ తర్వాతి సంగతి కూడా తెలుసుకోండి. యూదుల గురువులు ప్రార్థన ఎలా చేయాలని తల్మూదు అనే తమ గ్రంథంలో చర్చించుకున్నప్పుడు ఎవరిని చూసి నేర్చుకున్నారో తెలుసా? ఏలీని కాదు, హన్నాను. మనసు పెట్టి చెయ్యాలి, పెదవులు కదలాలి, గొంతు పెంచకూడదు అని ఆమె నుంచే తీసుకున్నారు. నిలబడి మెల్లగా చేసే వాళ్ల ముఖ్యమైన ప్రార్థనకు ఇప్పటికీ అదే పద్ధతి. తాగిన మనిషి అనిపించుకున్న ఆడమనిషి తీరే తర్వాత అందరికీ పాఠమైంది.

అదే షిలోహులో, అదే రోజుల్లో ఇంకొకటి జరుగుతోంది. రెండో అధ్యాయంలో ఉంది. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కూడా యాజకులే. జనం బలి తెచ్చి మాంసం ఉడకబెడుతుంటే వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకొని వచ్చేవాడు. బొరుసు గాని తపేలా గాని కుండ గాని, కొంకి దించి దానికి ఎంత పడితే అంత యాజకుడి వాటా అని పట్టుకుపోయేవాడు. పోనుపోను కొవ్వు దేవునికి దహించకముందే పచ్చి మాంసమే అడిగారు. ఇవ్వకపోతే బలవంతంగా లాక్కుంటామన్నారు. దాంతో జనానికి నైవేద్యం అంటేనే అసహ్యం పుట్టిందని రాసి ఉంది. ఆ ఇంటి యాజకత్వం అంత కుళ్లిపోయిన రోజుల్లో, ఆ గుమ్మం దగ్గరే, హన్నా ప్రార్థన నేరుగా దేవుడిని చేరింది. ఆ కవరు మాట విన్నప్పటి నుంచి నాకు ఈ కొంకే గుర్తొస్తోంది. దాని గురించి కింద చెప్తాను.

ఇప్పుడు అసలు మాట, యాజకుడంటే ఎవరు?

నిర్గమకాండం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో అహరోను బట్టల వర్ణన ఉంది. చాలామంది విసుగొచ్చి దాటేసే అధ్యాయం అది. నాకు మాత్రం చాలా ఇష్టం. ప్రధాన యాజకుడు వేసుకునే ఏఫోదు అనే పైవస్త్రానికి రెండు భుజాల మీద రెండు లేత పచ్చలు పొదిగేవారు. ఒక్కో రాయి మీద ఆరు పేర్లు, మొత్తం పన్నెండు గోత్రాల పేర్లు. రొమ్ము మీద జానెడు పొడవు, జానెడు వెడల్పు పతకం. దానిలో నాలుగు వరుసల్లో పన్నెండు రత్నాలు. వాటి మీద మళ్లీ అవే పేర్లు, ముద్ర చెక్కినట్టు చెక్కాలి. అహరోను పరిశుద్ధ స్థలంలోకి పోయినప్పుడల్లా ఆ పేర్లను గుండె మీద మోసుకొని పోవాలి. బలి అర్పించడం, ధూపం వేయడం, జనాన్ని దీవించడం, ధర్మశాస్త్రం నేర్పడం, ఇవన్నీ యాజకుడి పనులే. ఆ అన్నిటి లోపల ఉన్న పని మాత్రం ఈ పేర్లు మోయడమే అని నాకు అనిపిస్తుంది. భుజం మీద బరువుగా ఒకసారి, గుండె మీద ప్రేమగా ఒకసారి.

మా అమ్మమ్మది నకిరేకల్ వైపు పల్లె. చదువు రాదు. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది. పొద్దున పనికి పోయేముందు గుడిసె ముందు నిలబడి కొంగుకు ముడులు వేసుకునేది. జ్వరంతో ఉన్న మనవడికి ఒక ముడి, అత్తగారింట్లో కష్టపడుతున్న చిన్నకూతురికి ఒక ముడి, దొర దగ్గర అప్పు తెచ్చి తిప్పలు పడుతున్న పక్కింటాయనకు ఒకటి. పొలంలో నడుము పట్టేసినప్పుడు లేచి నిలబడేది, కొంగు చేతికి తగిలేది, ముడి దొరికేది. ఆ మనిషి పేరు చెప్పి, 'ఓ నాయినా, చూస్తున్నవా' అనేది. అంతే. మళ్లీ వంగేది. పని తీరాక ముడి విప్పేది. కొన్ని ముడులు ఏళ్ల తరబడి విప్పలేదు, చీర మారితే కొత్త చీరకు మళ్లీ వేసేది.

నాకు పన్నెండేళ్లప్పుడు సండే స్కూల్లో ప్రార్థన బాగా చేస్తానని బహుమతి వచ్చింది. ఆ గర్వంతో అమ్మమ్మకు నేర్పబోయాను. 'నాయినా అనొద్దు అమ్మమ్మా, మహోన్నతుడవైన పరమతండ్రీ అనాలె, చూస్తున్నవా అనుడు మర్యాద కాదు' అన్నాను. ఆమె కొంగు సరిచేసుకుంటూ, 'నీతోటి బడిలెక్క మాట్లాడుతడేమో బిడ్డా, నాతోటి గిట్లనే మాట్లాడుతడు' అంది. నేను మూతి ముడుచుకొని వెళ్లిపోయాను. ఆమె పోయిన చాలా ఏళ్లకు, టీచరుగా పిల్లలకు నిర్గమకాండం చెప్తూ ఆ పతకం దగ్గర ఆగిపోయాను. పాఠం సగంలో ఆపేసి బయటికి వచ్చి ఏడ్చాను. ఏఫోదు భుజాల మీద పేర్లు, అమ్మమ్మ భుజం మీది కొంగులో ముడులు. నేను యాజకురాలికి ప్రార్థన నేర్పబోయానని అప్పుడు తెలిసింది.

యాజకురాలు అనే మాట ఊరికే వాడలేదు. సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలీయులతో, మీరంతా నాకు యాజక రూపమైన రాజ్యంగా ఉంటారు అన్నాడు. ఆ జనం అప్పుడే ఐగుప్తులో ఇటుకలు చేసి వచ్చినవాళ్లు. మీ ఇంటాయన పని లాంటి పనే అది. తర్వాత ఆ సేవ అహరోను వంశానికి అప్పగించబడింది. అతి పరిశుద్ధ స్థలంలోకి ఏడాదికి ఒక్క రోజు, ఏడో నెల పదో రోజున, ప్రధాన యాజకుడొక్కడే రక్తంతో పోవాలి. మిగతా అందరికీ, మిగతా అన్ని రోజులూ, తెర అడ్డం. యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కింది వరకు రెండుగా చినిగింది. పైనుంచి అని మత్తయి ఎందుకు రాశాడో మీకు నేను చెప్పనక్కర్లేదు. మనిషి చింపితే కింది నుంచి చినుగుతుంది. హెబ్రీ పత్రిక ఆ యేసునే మన ప్రధాన యాజకుడంటుంది. ఆయన మన పక్షంగా విన్నవించడానికి ఎప్పుడూ బతికి ఉన్నాడు కాబట్టి ధైర్యంగా కృపాసనం దగ్గరికి పోదాం రండి అంటుంది. ఆ 'రండి' అనే పిలుపులో మీరూ ఉన్నారు.

పేతురు చిన్న ఆసియాలో చెల్లాచెదురుగా ఉన్న విశ్వాసులకు రాస్తూ, మీరు 'రాజులైన యాజకసమూహము' అన్నాడు. ఇంకొక సంగతి గమనించండి. కొత్త నిబంధనలో సంఘం నడిపేవాళ్లకు పెద్దలు, అధ్యక్షులు, కాపరులు, పరిచారకులు అనే పేర్లున్నాయి. యాజకుడు అనే బిరుదు మాత్రం యూదుల యాజకులకు, క్రీస్తుకు, ఆ తర్వాత విశ్వాసులందరికీ కలిపి వాడారు. ఏ ఒక్క సంఘ నాయకుడినీ విడిగా ఆ బిరుదుతో పిలవలేదు. పౌలు ఒకచోట తన సువార్త పనిని యాజకధర్మంతో పోల్చుకున్నాడు, అంతే.

మీరు ఏ సంఘానికి పోతారో రాయలేదు. జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ ప్రాంతాల్లో మెనోనైట్ బ్రదరెన్ సంఘాలు ఎక్కువ. 1889లో మన దేశానికి వచ్చి మా నల్లగొండలో సేవ చేసిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ కూడా రష్యా దేశపు మెనోనైటే. మెనోనైట్ అనే పేరు మెనో సైమన్స్ నుంచి వచ్చింది. ఆయన నెదర్లాండ్స్‌లో కేథలిక్ గురువుగా ఉండి, 1536లో ఆ పదవి వదిలేసి విశ్వాసుల చిన్న చిన్న గుంపులకు కాపరి అయ్యాడు. అంతకు ముందే 1520లో మార్టిన్ లూథర్, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ యాజకులే అని జర్మనీ ప్రభువులకు రాశాడు. ఒకవేళ మీది కేథలిక్ గుడి అయితే అక్కడ గురువుల అభిషేకం వేరు, పూజాబలి వారే అర్పిస్తారు. అయినా 1964లో రెండో వాటికన్ మహాసభ కూడా విశ్వాసులందరికీ ఉన్న సాధారణ యాజకత్వాన్ని స్పష్టంగా చెప్పింది. ఎటు చూసినా 'యాజకుని నోట వచ్చిన ప్రార్థనే పోతది' అనే మాటకు చోటు దొరకదు.

అయితే ఒక జాగ్రత్త. ఇదంతా విని 'ఇక మాకు పాస్టరెందుకు' అనే దగ్గరికి పోవద్దు. సంఖ్యాకాండం పదహారులో కోరహు అచ్చం ఇదే మాట పట్టుకొని లేచాడు. సమాజమంతా పరిశుద్ధమే కదా, మీరెందుకు హెచ్చించుకుంటారు అని మోషేను నిలదీశాడు. మాట వినడానికి బాగానే ఉంది. ఆయనకు కావలసింది మాత్రం పదవి. పేర్లు మోసే ఉద్దేశం అందులో ఎక్కడా కనబడదు. మీ కాపరి మీకు వాక్యం చెప్తాడు, ఇంట్లో జబ్బు చేస్తే వస్తాడు. సంఘపు పెద్దలను పిలిపించుకొని ప్రార్థన చేయించుకోమని యాకోబు కూడా రాశాడు. చేయించుకోండి. అదే చోట యాకోబు 'ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయండి' అన్నాడు, ఏలీయా ప్రవక్త కూడా మనలాంటి స్వభావం ఉన్న మనిషే అన్నాడు. పౌలంతటివాడు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో నా కోసం ప్రార్థన చేయండని ఎన్నిసార్లు బతిమాలుకున్నాడో! కాబట్టి మీ అయ్యగారి పేరుమీద కూడా మీ కొంగుకు ఒక ముడి వేయండి. ఆయనకు చాలా అవసరం.

నలుగురిలో గొంతు పట్టేయడానికి ఇంకో కారణం ఉందని నాకు అనుమానం. మన తెలుగు బైబిల్ గ్రాంథికంలో ఉంది. అది వినీ వినీ, ప్రార్థన అంటే 'చేయుచున్నాము, వేడుకొనుచున్నాము' అనే భాషలోనే ఉండాలని మన మనసులో నాటుకుపోయింది. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని భాషలో ఏడవమంటే ఎవరికి ఏడుపొస్తుంది? యేసు గెత్సేమనే తోటలో చెమటలు కారుతూ ప్రార్థించినప్పుడు నోట వచ్చిన మాట 'అబ్బా'. ఆ ఊళ్లల్లో ఇంట్లో తండ్రిని పిలిచే అరామిక్ మాట అది. ఆయన శిష్యుల యాస సంగతి మీకు తెలుసా? యేసును పట్టుకుపోయిన రాత్రి యెరూషలేములో చలి కాచుకుంటున్నవాళ్లు పేతురును మాట తీరు బట్టి పట్టేశారు. నువ్వు వాళ్లలో ఒకడివే, నీ పలుకే చెప్తోంది అన్నారు. గలిలయ యాస అది. పట్నంలో ఎగతాళి పడే యాస. మన పాలమూరు మాట, నల్లగొండ మాట విని నవ్విన రోజులు మనకు గుర్తే కదా. ఆ యాసతోనే పేతురు నీళ్లలో మునిగిపోతూ 'ప్రభువా, నన్ను రక్షించు' అన్నాడు. అది కూడా మూడే మాటలు. యేసు వెంటనే చెయ్యి చాపాడు. ఇంకా వరసగా చెప్పు, మొదట స్తుతి, తర్వాత కృతజ్ఞత, ఆఖరున విన్నపం అని అడగలేదు.

మాట అసలే రానప్పటి సంగతి రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. మనం ఎలా ప్రార్థన చేయాలో మనకే తెలియదు, అప్పుడు ఆత్మ తానే ఉచ్చరించలేని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని. 'మా ఇంటాయన...' తర్వాత మీరు చెప్పలేకపోయిందంతా ఆ మూలుగులో ఉంది.

ఇక కవరు. పెట్టకండి. సంఘానికి మీరు మనసారా వేసే కానుక వేరు, అది మీ ఇష్టం. ప్రార్థన చేసినందుకు రేటు లాగా అడిగితే మాత్రం ఇవ్వనవసరం లేదు. ఉచితంగా పొందారు, ఉచితంగా ఇవ్వండి అని యేసు తన శిష్యులకు చెప్పాడు. సమరయలో సీమోను అనేవాడు ఆత్మ వరానికి డబ్బు తీసి చూపిస్తే పేతురు మొహం మీదే గద్దించాడు. మీరు గొడవ పడాలని నేను చెప్పడం లేదు. అయ్యగారినే నేరుగా కలవండి, మీ బిడ్డను వెంట తీసుకుపోండి. 'అయ్యగారూ, మా ఇంటాయన కోసం ప్రార్థన చేయండి. కవరు పెట్టమన్నరు, నా దగ్గర లేదు' అని ఉన్నమాట చెప్పండి. ఆ పెద్దమనిషి సొంతంగా అన్న మాటేమో, అయ్యగారికి తెలియనే తెలియదేమో. తప్పు తెలిసినప్పుడు ఏలీ మాట మార్చుకున్నాడు. 'క్షేమంగా వెళ్లు, నీ మనవిని ఇశ్రాయేలు దేవుడు దయచేయును గాక' అని హన్నాను దీవించి పంపాడు. మీ అయ్యగారికీ ఆ అవకాశం ఇవ్వండి. తెలిసి కూడా కవరే కావాలంటే, పక్క ఊళ్లో ఇంకో సంఘం ఉంటుంది.

హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయంలో యాజకుడికి ఒక గుర్తు చెప్పారు. తనకూ బలహీనత ఉంది కాబట్టి, ఏమీ తెలియనివాళ్లను, దారి తప్పినవాళ్లను ఓపికతో చూడగలవాడై ఉండాలని. ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్న వస్తే ఆ గుర్తు పెట్టుకొని చూడండి.

మీ ఇంటాయన సంగతి దేవుడికి చెప్పాక ఊరుకోవద్దు. నెహెమ్యా గోడ కట్టేటప్పుడు శత్రువుల భయం ఉంటే ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్లు కావలీ పెట్టాడు. మీ ఇంటాయనను తీసుకుపోయిన గుంపు మేస్త్రీ ఎవరో మీకు తెలిసే ఉంటుంది. అతని ఇంటికి రేపే పోండి. అదే గుంపులో పోయిన మీ ఊరివాళ్ల, పక్క తండావాళ్ల నంబర్లు తీసుకొని మీ బిడ్డతో ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి. చాలాసార్లు ఫోన్ పోవడమో, పైసలు చేతికి రాక మొహం చెల్లకపోవడమో అవుతుంది. ఈ వారంలో ఎవరి దగ్గరా కబురు దొరక్కపోతే ఊరి సర్పంచ్‌ను, నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని పోలీస్ స్టేషన్‌లో రాసి ఇవ్వండి. ఆధార్ కార్డు కాపీ, ఫోటో, చివరిసారి ఫోన్ చేసిన నంబరు తీసుకుపోండి. ఆడవాళ్లు ఒంటరిగా పోతే తిప్పుతారు, అందుకే నలుగురితో పొమ్మంటున్నాను. ఇదంతా ప్రార్థన మీద నమ్మకం లేక చేసే పని అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మీ ఇంటాయన తప్పకుండా వచ్చేస్తాడని నేను మాట ఇవ్వలేను. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. అయితే హన్నా గురించి ఒక వాక్యం ఉంది. మందిరం నుంచి తిరిగి వచ్చి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖం దిగులుగా లేదు. అప్పటికి ఇంకా కడుపు పండలేదు, పెనిన్నా ఇంట్లోనే ఉంది. అయినా ఆ పూట అన్నం తిన్నది. మీరు రెండు నెలలుగా సరిగ్గా తినడం లేదేమోనని నా టెన్షన్. ఈ పూట తినండి.

వచ్చే శుక్రవారం కూడికకు తప్పకుండా పోండి. మీ వంతు వచ్చినప్పుడు మళ్లీ ఆ మూడు మాటలే వస్తే వాటి దగ్గరే ఆగి, ఆమేన్ అనండి. అవతలివాళ్లు కూడా ఆమేన్ అనాల్సిందే. లేదా మీ ఇంటాయన పేరొక్కటే చెప్పండి. పేరు చెప్పడానికి వరం అక్కర్లేదు.

మీ బిడ్డకు ఒక మాట. అమ్మ చెప్పింది చెప్పినట్టు, 'పోతది', 'కాడ' అన్న మాటలు కూడా దిద్దకుండా రాసినందుకు నీకు నా ముద్దులు, తల్లీ. నేను నీ వయసులో ఆ పని చేయలేకపోయాను.

చివరగా, చెల్లెమ్మా, నాకో సాయం. వచ్చే నెల నాకు కంటి ఆపరేషన్ ఉంది. రెండో కన్ను ఇది. మొదటిది సరిగ్గా కుదరలేదు, అందుకే కొంచెం భయంగా ఉంది. పొద్దున పొయ్యి అంటించేటప్పుడు మీ కొంగుకు నా పేరుమీద కూడా ఒక ముడి వేసుకోండి. నల్లగొండ అక్క అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది. మీ ఇంటాయన కోసం నా కొంగుకు నిన్ననే వేశాను.